పరువు నష్టం నోటీసు వస్తే రాసినదంతా తొలగించాలా?

మీ ఊరి దుకాణంలో కొన్న మిరప విత్తనం మొలకెత్తలేదని బ్లాగులో రాసినందుకు లాయరు నోటీసు వచ్చిందనీ, వారం రోజుల్లో తొలగించకపోతే పోలీసులు అరెస్టు చేస్తారని అందులో ఉందనీ అడిగారు. నేను న్యాయవాదిని కాను. అయితే 2024 ఆగస్టులో ఇటువంటి నోటీసే అందుకున్నవాడిని కనుక, అప్పుడు తెలుసుకున్నది చెబుతాను.

అల్లూరు మండలంలో నాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. ఆ ఏడాది రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసి అమ్మే ఒక హ్యాచరీ నుంచి తెచ్చిన వెన్నామీ రకం పిల్ల నెల తిరగకముందే తెల్లమచ్చల వైరస్‌తో పోయింది. పిల్లను వదిలిన రోజున విడిగా తీసి పంపిన నమూనాలోనూ అదే వైరస్ ఉన్నట్టు పీసీఆర్ పరీక్షలో తేలింది. ఆ నివేదికను జతచేసి జరిగినదంతా రాశాను. చివర్లో, కడుపు మంటతో, ‘తెలిసే రోగపు పిల్లను అంటగట్టారు’ అన్నాను. పది రోజులకు యాభై లక్షల పరిహారం కోరుతూ రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది.

నెల్లూరులో నేను కలిసిన న్యాయవాది నా వ్యాసాన్ని ప్రింటు తీయించి, ప్రతి వాక్యం పక్కన దానికి ఆధారమైన కాగితం పేరును నన్నే రాయమన్నారు. బిల్లు, ల్యాబ్ నివేదిక, ఫొటోలు అని రాసుకుంటూ పోయి ‘తెలిసే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. రోగం ఉన్నదని నిరూపించగలను కానీ, ఆ సంగతి వారికి ముందే తెలుసునని నిరూపించలేను. పాత పేజీని తేదీతో సహా భద్రపరచి, ఆ ఒక్క మాటను తీసివేసి, ఎప్పుడు ఎందుకు సవరించానో కింద రాసి, మిగిలినదంతా అలాగే ఉంచాను.

అరెస్టు మాట బెదిరింపే. పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు నష్టానికి రెండేళ్ల వరకు సాధారణ జైలుశిక్ష, జరిమానా లేదా సమాజ సేవ విధించవచ్చు. అయితే ఇది బెయిలు దొరికే నేరం. పైగా పరువు పోయిందనుకున్నవారే మేజిస్ట్రేటు వద్ద ఫిర్యాదు చేయాలి, ఆ ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందు మీ వాదన వినాలని క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ చెబుతోంది. క్రిమినల్ కేసులో నిజమని చూపితే చాలదు, దానిని చెప్పడంలో ప్రజాహితం ఉందని కూడా చూపాలి. రైతులను హెచ్చరించడం అటువంటిదేనని నా అభిప్రాయం. సివిల్ దావాలో నిజమే పూర్తి రక్షణ. నోటీసులో ఎంత మొత్తమైనా రాయవచ్చు, దావా వేయాలంటే మాత్రం ఆ మొత్తానికి తగిన కోర్టు ఫీజు కట్టాలి.

నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. విచారణ జరగకముందే రచనను తొలగించమనే ఉత్తర్వులను అరుదైన సందర్భాల్లోనే ఇవ్వాలని 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ మీడియా సంస్థల మధ్య వ్యాజ్యంలో సుప్రీంకోర్టు హెచ్చరించింది. అయినా జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు, ఫోనులో మాట్లాడి తేల్చుకోవాలని అసలే చూడవద్దు. ఫీజు భారమనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సహాయం ఉంటుంది. ఫోను నంబరు 15100.

నా జవాబు అందిన తరువాత వారి నుంచి మరో ఉత్తరం రాలేదు. సివిల్ దావాకు ఉండే ఏడాది గడువు దాటిపోయింది. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు ఉంటుంది కనుక ఆ ల్యాబ్ నివేదిక ఇంకా మా బీరువాలోనే ఉంది.