కెమికల్ ఫ్యాక్టరీల పక్కన ఫ్లాట్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ శివారు బొల్లారం వైపు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ మియాపూర్ ధరతో పోలిస్తే చాలా తక్కువకు వస్తోంది, చుట్టూ కెమికల్, ఫార్మా కంపెనీలున్నాయి, ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే ఏ వాసనా లేదు, తీసుకోవచ్చా అని. నేను అటువైపే తొమ్మిదేళ్లు సొంతింట్లో ఉన్నాను. ఆదివారం పొద్దున చూసింది చూసినట్టు లెక్క కాదండీ.

మేమూ అలాగే పగలు వెళ్లి, పగలు చూసి, అడ్వాన్స్ ఇచ్చేశాం. చేరిన మూడో రోజు రాత్రి పదకొండింటికి ఇల్లంతా కుళ్లిన ఉల్లిపాయల కంపు, దాని వెనకాలే నెయిల్‌పాలిష్ లాంటి తియ్యటి ఘాటు. మా ఆవిడ పరుగెత్తుకెళ్లి సిలిండర్ రెగ్యులేటర్ పీకేసింది. వంటగ్యాస్ లీకైతే తెలియడానికి కలిపేది కూడా ఆ జాతి రసాయనమే కాబట్టి ఆమె టెన్షన్‌లో తప్పేం లేదు. పక్కింటాయన బాల్కనీలోంచి, "మీ సిలిండర్ కాదన్నా, కంపెనీల వాసన. కిటికీలు బంద్ చేస్కోని పండుకోండ్రి" అన్నాడు. అన్నేళ్లుగా ఉంటున్న మనిషి, ఆవులిస్తూ చెప్పాడు.

రాత్రే ఎందుకు? అడిగేవాడు ఉండడని చీకట్లో వదులుతారని కాలనీలో అందరూ అంటారు. అది ఎంతవరకు నిజమైనా, గాలి సంగతి మాత్రం ఖాయం. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, వాసన పలచబడి పోతుంది. చలికాలం రాత్రి నేల చల్లారితే చల్లగాలి కిందే పరుచుకుని, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగైనా వాసనైనా ఆ మూత కిందే తిరుగుతుంది. మాకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నరకం, ఏప్రిల్‌లో మామూలు ఊరే. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేస్తే మనుషులు వచ్చేవారు, కాకపోతే వాళ్లు వచ్చేసరికి గాలి మళ్లేది. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి ఫోన్ చేయబుద్ధి కాలేదు.

ముక్కును నమ్ముకోకండి, రెండు వారాల్లో అలవాటు పడిపోతుంది. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు అయితే మోతాదు ఎక్కువైనప్పుడు వాసనే తెలియకుండా పోతుంది. ఇంట్లో సామాను చూడండి, అలాంటి వాయువులకు వెండి, రాగి నల్లబడతాయి. మా పూజగదిలో వెండి కుందులు దీపావళికి తోమితే సంక్రాంతికి నల్లగా అయ్యేవి. ఏసీ కాయిల్ మూడేళ్లలో రెండుసార్లు పోయింది. మెకానిక్ నల్లబడ్డ రాగి గొట్టం చేతిలో పెట్టి, "ఈ ఏరియాలో ఇంతే సార్" అన్నాడు. ఆ చుట్టుపక్కల ఏసీలు బాగుచేసే కుర్రాణ్ని పట్టుకుని, ఏ కాలనీలో కాయిల్స్ ఎక్కువ మారుస్తావని అడగండి. ఏ బ్రోకరూ చెప్పనిది అతను చెబుతాడు.

ఇక నీళ్లు. నా ఉద్దేశంలో వాసన కన్నా ఇదే పెద్ద సమస్య. మా బోరు నీళ్లు స్టీలు బిందెలో పట్టి ఉంచితే పొద్దున్నకి పైన సన్నటి పొర, బిందె లోపల టీ మరక లాంటి గీత. ఆర్వో అమ్మడానికి వచ్చినాయన టీడీఎస్ మీటర్ పెట్టి, ఫిల్టర్ నీళ్లు 90 చూపిస్తుంటే అమృతం అన్నాడు. తాగితే మందుగోలీ డబ్బా వాసన. తర్వాత ల్యాబ్‌లో పెద్దాయన విడమరిచి చెప్పాడు. టీడీఎస్ మీటర్‌కు తెలిసేది నీళ్లలో కరిగిన లవణాలే, సాల్వెంట్లు, అంటే ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాలు, దానికి కనిపించవు. ఆర్వో పొర కూడా ఉప్పును ఆపినంత గట్టిగా ఆ చిన్న అణువుల్ని ఆపలేదు. ఆ బిందెలో పొర ఇనుము వల్ల కూడా రావచ్చు, కంటితో చూసి తేల్చలేం అన్నాడు. తాగునీటికి మన ప్రమాణాల్లో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఇలాంటి చోట ఆ ఒక్క అంకెతో ఆగకుండా సీఓడీ (నీళ్లలో రసాయన కాలుష్యం మొత్తంగా ఎంతుందో చెప్పే కొలత), నైట్రేట్, సీసం లాంటి భారలోహాలు, వీఓసీలు (సాల్వెంట్ల లాంటి ఆవిరయ్యే రసాయనాలు) పరీక్షలు కూడా చేయించండి. ఫ్లాట్ మీద పెట్టే డబ్బుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. మాకు నీళ్లు తెచ్చే ట్యాంకర్ డ్రైవర్ మొదటి రోజే అన్నాడు: "మీ బోరు నీళ్లు కడుక్కునేటియి సార్, తాగేటియి కావు." అతనికి ల్యాబ్ అక్కర్లేకపోయింది.

ఇది ఈ మధ్య పుట్టిన కథ కూడా కాదు. బొల్లారం దగ్గర్లోని పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు 1970ల నుంచీ ఉన్నాయి. అక్కడే ప్రాక్టీస్ చేసిన డాక్టర్ కిషన్‌రావు గారి లాంటి వాళ్ల పోరాటంతో ఈ గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి కంపెనీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు కనిపించింది. కొన్ని బ్యాక్టీరియాలను చంపడానికి సరిపోయే దానికి వెయ్యి రెట్లకు పైనే. గమనించండి, అది శుద్ధి చేసి వదిలిన నీళ్ల సంగతి. అప్పటితో పోలిస్తే ఇప్పుడు వాగులు కొంత నయమే, కానీ భూమిలోకి దిగింది అంత తొందరగా పోదు. అందుకే కంపెనీ ఎంత దూరమన్న దానికన్నా వాగుకు, పాత నాలాకు మీ బోరు ఎటు ఉందో, పైనా దిగువనా అన్నది ముందు చూడండి.

ప్రమాదాల సంగతి. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం లీకైంది తెల్లవారుజామున మూడింటి వేళ, ఆర్ఆర్ వెంకటాపురం నిద్రలో ఉండగా. 12 మంది పోయారు. లాక్‌డౌన్‌లో కదలకుండా నిలవున్న ట్యాంకులో వేడి పెరిగి జరిగింది అది. సైరన్ మోగలేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. అలాంటప్పుడు పల్లంలోకి పరుగెత్తకూడదు, గాలి వీచే దారి నుంచి పక్కకు తప్పుకుని, ఎత్తు వైపు పోవాలి. తడిగుడ్డ అమ్మోనియాకైతే కాస్త పనికొస్తుంది, సాల్వెంట్ ఆవిరికి పెద్దగా ఆగదు. నేను మేడ మీద ఒక కర్రకు పాత చీరముక్క కట్టి ఉంచేవాణ్ని, గాలి ఎటో తెలియడానికి. కాలనీవాళ్లు నవ్వారు గానీ, విశాఖ తర్వాత ఇంకో మూడు మేడల మీద చీరముక్కలు వెలిశాయి.

ఒక్క పూట ఖర్చుపెట్టి దగ్గరున్న కంపెనీల గేట్ల ముందు నడవండి. ప్రమాదకర వ్యర్థాల వివరాలు గేటు బయట బోర్డు మీద రాయాలని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. చాలాచోట్ల తుప్పుపట్టి ఉంటుంది, అయినా ఏ రసాయనమో పేరన్నా తెలుస్తుంది. మరీ పట్టుదల ఉంటే పది రూపాయలతో కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, అనుమతి పత్రాల్లో ఏం తయారుచేస్తామని రాశారో అడగండి.

మా అబ్బాయికి అక్కడ ఉన్నన్నాళ్లూ దగ్గు ఉండేది. దానివల్లే అని డాక్టర్ అనలేదు, నేనూ అనను. ఇల్లు మారిన రెండో ఏడాదికి తగ్గింది, అంతే. మీకు మూడేళ్ల పాప ఉందని రాశారు కాబట్టి, నేనైతే అక్కడ కొనను. కంపెనీలోనే ఉద్యోగం, నడిచి వెళ్లే దూరం అంటారా, ముందు ఒక చలికాలం అద్దెకుండి చూడండి.

నా ఇల్లు ఇంకా అమ్మలేదు, అద్దెకిస్తున్నాను. చూడటానికి వచ్చేవాళ్లను రాత్రి పదకొండింటికే రమ్మంటాను. మొన్న డిసెంబర్‌లో ముగ్గురు వచ్చారు. ఇద్దరు మెట్ల దగ్గరి నుంచే వెనక్కి తిరిగారు. మూడో అతను లోపలికొచ్చి, కిటికీ తెరిచి, కాసేపు నిలబడి, అద్దె ఓ వెయ్యి తగ్గించమన్నాడు.