గన్నారెడ్డి తర్వాత ఏం చదవాలి?

ప్రశ్న: అమ్మా, అడవి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. ఆ కాలం నుంచి బయటికి రావాలనిపించడం లేదు. మన నెల్లూరు వాసన తగిలే చారిత్రక నవల ఏదైనా చెప్పండి.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తల్లీ, నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’ పట్టుకో. కవిత్రయం ముగ్గురి కాలాల మీద ఆయన మూడు నవలలు రాశారు. నన్నయ కాలానికి ‘నారాయణభట్టు’, ఎర్రన కాలానికి ‘మల్లారెడ్డి’. నువ్వు అడిగింది నడిమిది, తిక్కన కాలం. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రి, ఓరుగల్లు వెళ్లి కాకతీయ రాజు గణపతిదేవుడి సాయం తెచ్చినవాడు మన తిక్కన. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా కాపీ అట్ట ఊడిపోతే మా అమ్మ గోనెసంచి కుట్టే సూదితో, తెల్లదారంతో కుట్టింది. ఆ కుట్టు ఇంకా గట్టిగానే ఉంది. పేజీలు మాత్రం పసుపుపచ్చగా మారి, మడిస్తే విరుగుతున్నాయి. అందుకే ఎవరికీ ఇవ్వను, ఇంటికొచ్చి చదువుకోమంటాను.

భాష మొదట కాస్త బరువనిపిస్తుంది. టెన్షన్ పడకు, యాభై పేజీలు ఓపిక పట్టు. వేగం కావాలంటే తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ ఉంది, అది మంగోలుల కథ.

చదవడం అయ్యాక ఒక సాయంత్రం నెల్లూరు రా. రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున కూర్చుందాం. తిక్కన భారతం రాసింది ఆ చుట్టుపక్కలే అంటారు.