స్లైడ్లను మాన్యువల్‌గా మార్చడం ఎలా?

ప్రశ్న: గుంటూరు సమీపంలోని ఒక కోల్డ్ స్టోరేజీలో గదులను చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు బాధ్యతలు చూస్తున్నాను. ఏటా మిర్చి టిక్కీలు (బస్తాలు) రావడం మొదలయ్యేలోపు కొత్త ఆపరేటర్లకు పాఠాలు చెప్పడానికి తయారు చేసుకున్న పవర్‌పాయింట్ ఫైళ్లు 11 ఉన్నాయి. స్లైడ్లు మొత్తం 400 దాకా ఉంటాయి. వీటినే మాన్యువల్‌గా మార్చి మెషిన్ రూములో పెట్టమని మా యజమాని అడుగుతున్నారు. అన్నిటినీ వర్డ్‌లోకి పంపి చూశాను. పేజీలు వందల్లో వచ్చాయి గానీ, పాఠం విననివారికి అందులో ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పాఠంలో కొంత తెర మీద ఉంటుంది, మిగతాది మీరు నోటితో చెబుతారు. వర్డ్‌లోకి వచ్చింది తెర మీది భాగం మాత్రమే. ‘ఆయిల్ డ్రెయిన్ – రోజూ – జాగ్రత్త’ అన్న స్లైడు మీ ఫైళ్లలోనూ ఉండే ఉంటుంది. దాన్ని తెర మీద ఉంచి మీరు పది నిమిషాలు మాట్లాడతారు: ద్రవ అమ్మోనియా కంటే దానితో కలిసి వచ్చే కంప్రెసర్ నూనె బరువు కాబట్టి అడుక్కు చేరుతుందని, అందుకే డ్రెయిన్ వాల్వు కింద ఉంటుందని, ద్రవ అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి కాలిపోతుందని చెబుతారు. ‘జాగ్రత్త’ అన్న మాటలో ఇదంతా ఉన్నట్టు మీకు అనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు పుస్తకం తెరిచిన కొత్త ఆపరేటరుకు మాత్రం అందులో ఏమీ కనిపించదు.

అదే విషయం మాన్యువల్‌లో దాదాపు ఇలా ఉండాలి: ‘చేతి తొడుగులు, కళ్లజోడు, మాస్కు ధరించాలి. వెసెల్ (ద్రవ అమ్మోనియా ఉండే ట్యాంకు) నుంచి, నూనె చేరే ఆయిల్ పాట్‌కు వచ్చే వాల్వు మూయాలి. పాట్‌లో మిగిలిన అమ్మోనియా సక్షన్ లైనులోకి (కంప్రెసర్ వైపు వెళ్లే పైపులోకి) పోయేలా వెంట్ వాల్వు తెరవాలి. పాట్ మీద పేరుకున్న మంచు కరిగి, గేజి ముల్లు దిగిన తర్వాత వెంట్ మూసి, అప్పుడు మాత్రమే డ్రెయిన్ వాల్వును నెమ్మదిగా తెరవాలి. నూనె రావడం ఆగి, వాల్వు మూసేవరకు అక్కడి నుంచి కదలకూడదు.’ ఇది నమూనా మాత్రమే. మీ ప్లాంటు పైపింగు ముందు నిలబడి, వాల్వుల మీద నంబర్లు వేయించి, ఆ నంబర్లతో రాయండి.

ఇన్ని మాటలు ఎక్కడి నుంచి తేవాలంటే, మీ నోటి నుంచే. తరగతి జరుగుతుండగా ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత విని రాసుకోండి. ఆపరేటర్లు మధ్యలో అడిగే ప్రశ్నలను అసలు వదలకండి, మాన్యువల్‌లో ఎక్కువగా వెతికేవి అవే.

వరుసను కూడా మార్చక తప్పదు. పాఠం రిఫ్రిజిరేషన్ సూత్రాలతో మొదలై కంప్రెసర్, కండెన్సర్ అంటూ సాగుతుంది. ఆపరేటరు మాత్రం హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే వైపు ఒత్తిడి) పెరిగినప్పుడో, మోటారు ట్రిప్ అయినప్పుడో, కరెంటు పోయి వచ్చినప్పుడో పుస్తకం తీస్తాడు. కాబట్టి అధ్యాయాలను పనుల ప్రకారం, సమస్యల ప్రకారం విభజించి, సూత్రాలను చివరకు పంపండి. సూత్రాలు ముందు లేకపోతే పుస్తకానికి గౌరవం ఉండదని కొందరు ఇంజినీర్లు బాధపడతారు, పట్టించుకోనవసరం లేదు. అధ్యాయాల పేర్లకు వర్డ్‌లోని హెడింగ్ స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతట అదే తయారవుతుంది.

ఏళ్ల తరబడి పెరిగిన ఫైళ్లలో ఒకే కటౌట్ సెట్టింగు (యంత్రం దానంతట అదే ఆగిపోవాల్సిన అంకె) రెండుచోట్ల రెండు అంకెలతో ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఏది సరైనదో స్లైడ్లు తేల్చలేవు. తయారీదారు ఇచ్చిన పుస్తకంతోనూ, యంత్రం మీది సెట్టింగుతోనూ పోల్చి తేల్చుకోవాలి.

బొమ్మల విషయంలో ఒక చిట్కా ఉంది. 2007 నుంచి వస్తున్న పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలే. నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, ‘పీపీటీ’ ఫోల్డరులోని ‘మీడియా’లో ఫొటోలన్నీ విడివిడిగా దొరుకుతాయి. అలా కాక స్లైడునే బొమ్మగా సేవ్ చేస్తే మామూలుగా 1280 పిక్సెళ్ల వెడల్పే వస్తుంది, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) అది అచ్చులో దాదాపు నాలుగుంపావు అంగుళాలే వస్తుంది. స్లైడు మీద మీరు గీసిన బాణాలు ‘మీడియా’లోని ఫొటోల వెంట రావు కాబట్టి వాటిని మళ్లీ వేసుకోవాలి. హై ప్రెషర్‌కు ఎరుపు, లో ప్రెషర్‌కు నీలం వాడి ఉంటే, జిరాక్స్‌లో రెండూ ఒకే బూడిద రంగులోకి మారతాయి. ఒకదానికి నిండు గీత, మరొకదానికి చుక్కల గీత వాడండి.

చివరగా మీ యజమాని మాట గురించి. అమ్మోనియా లీకైనప్పుడు ఏం చేయాలో చెప్పే పేజీ మెషిన్ రూములోనే ఉంటే, దాన్ని చదవాల్సిన సమయంలో ఎవరూ లోపలికి వెళ్లలేరు. ఆ ఒక్క పేజీని లామినేషన్ చేయించి, తలుపు బయట కూడా, గేటు దగ్గర కూడా పెట్టించండి.

ప్రశ్న: విజయవాడలో డీటీపీ పని చేస్తాను. ఇలాంటి స్లైడ్లలోని తెలుగును వర్డ్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తున్నాయి. అంతా మళ్లీ టైపు చేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అవసరం లేదు. అది అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు అయి ఉంటుంది. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర రూపాలను అమర్చారు కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట లోపలి గుర్తులు బయటపడతాయి. అచ్చు ఒక్కటే కావాలంటే అదే ఫాంటు వేసుకుని పని ముగించవచ్చు. ఫోన్‌లోనూ చదవాలన్నా, మాట పెట్టి వెతకాలన్నా కన్వర్టరుతో యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి) మార్చాలి. అయితే మొత్తం పేజీని ఒకేసారి కన్వర్టరులో వేస్తే మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పదాలూ తెలుగు అనుకుని మారిపోతాయి, కాబట్టి వాటిని ముందే విడదీయండి. మార్చిన తర్వాత ఒత్తులను చూసుకోండి. అంకెలను మాత్రం పాత స్లైడును పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా సరిచూడండి. ప్రెషరు అంకెలో చుక్క ఎగిరిపోయినా ప్రూఫు చూసేవారి కంటికి అది తప్పుగా కనిపించదు.