అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తొలితరం ఆటగాళ్ళలో కోచ్‌గా మారి పేరు తెచ్చుకున్నవారిలో మీకు బాగా నచ్చినవారు ఎవరు?

నాకైతే ఎమోస్ అలోంజో స్టాగ్. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1951లో ప్రకటించిన మొట్టమొదటి జాబితాలోనే ఆటగాడిగానూ, కోచ్‌గానూ చోటు దక్కిన మనిషి. (ఇది మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట.)

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్ లెక్కల మాస్టారికి పోయేది. చదువు చెప్పేవాళ్ళు వేరు, ఈల ఊదేవాళ్ళు వేరు అన్నట్టుండేది వరస. అది చూస్తూ పెరిగాను కాబట్టే, షికాగో యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు స్టాగ్ గురించి తెలిసి కదిలిపోయాను.

ఆయన యేల్ యూనివర్సిటీలో చేరింది మతబోధకుడు కావాలని. బేస్‌బాల్‌లో పిచ్చర్‌గా (బంతి విసిరేవాడిగా) పేరొచ్చింది, 1889లో దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ళని ఏరి ప్రకటించిన తొలి ఆల్ అమెరికా ఫుట్‌బాల్ జట్టులో ఎండ్ (వరుస చివర నిలబడే ఆటగాడు) స్థానానికి ఎంపికయ్యారు. అయితే జనం ముందు ప్రసంగించడం తనవల్ల కాదని తేల్చుకుని, పిల్లల్ని తీర్చిదిద్దే పని మైదానంలోనే చేయాలనుకున్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ కళాశాలలో పనిచేశారు. అక్కడి ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టింది అక్కడే. 1892 మార్చిలో జనం ముందు జరిగిన మొదటి ఆటలో విద్యార్థులు 5-1తో గెలిస్తే, ఉపాధ్యాయుల తరఫున ఆ ఒక్క బుట్టా వేసింది స్టాగే!

అదే ఏడాది షికాగో యూనివర్సిటీ మొదలైంది. అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ యేల్‌లో ఆయనకి గురువు. శిష్యుణ్ణి పిలిచి వ్యాయామ విద్యా విభాగం అప్పగించి, అసోసియేట్ ప్రొఫెసర్ హోదా ఇచ్చారు. అప్పట్లో చాలాచోట్ల కోచ్ అంటే ఆ సీజన్‌కి వచ్చి వెళ్ళిపోయే పాత ఆటగాడే. స్టాగ్ మాత్రం మిగతా ప్రొఫెసర్ల సరసన కూర్చున్నారు, అక్కడే 41 సీజన్లు ఉన్నారు. నా దృష్టిలో ఆయన గెలుపులన్నిటికన్నా ఇదే పెద్ద విషయం. మొదటి ఏడాది కుర్రాళ్ళు చాలక తానే దిగి ఆడారు కూడా.

గెలుపులూ తక్కువేం కాదు. 56 ఆటలుగా ఓటమి ఎరగని మిషిగన్‌ని 1905లో 2-0తో ఆపారు. టాక్లింగ్ (ఎదుటి ఆటగాణ్ణి పట్టి పడేయడం) సాధనకి బొమ్మని వాడటం వంటి ఎన్నో పద్ధతులు ఆయన పేరుతోనే చెబుతారు.

షికాగోలో ఆయన పేరు పెట్టిన పాత స్టాగ్ ఫీల్డ్ మైదానం ఇప్పుడు లేదు. దాని స్టాండ్ల కిందే 1942 డిసెంబరు 2న భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం మనిషి అదుపులో తనంతట తాను సాగే తొలి అణు గొలుసు చర్యని సాధించింది. ఆ స్థలంలో ఇప్పుడు రెగెన్‌స్టైన్ లైబ్రరీ ఉంది. నా పరీక్షల చదువంతా అందులోనే సాగింది.

డెబ్బై ఏళ్ళు నిండాయని యూనివర్సిటీ స్టాగ్‌ని రిటైర్ చేసింది. నాన్నకిది ఫోన్లో చెబితే "ఆ తర్వాత?" అని వెంటనే అడిగారు. కాలిఫోర్నియాలో కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్‌కి వెళ్ళి 1933 నుంచి 1946 దాకా నేర్పారు. 1943లో, 81 ఏళ్ళ వయసులో, ఆ ఏటి ఉత్తమ కోచ్‌గా ఎంపికయ్యారు. తర్వాత పెన్సిల్వేనియాలోని సస్క్వెహానాలో కొడుకుతో కలిసి పనిచేశారు. 1965లో, 102 ఏళ్ళ వయసులో పోయారు. కాలేజీ ఫుట్‌బాల్లో ఆయన 314 గెలుపుల రికార్డు 1981లో అలబామా కోచ్ బేర్ బ్రయంట్ దాటేదాకా నిలిచింది.