గుండె నమూనా ముడుచుకుపోవడం: లోపం వాక్యూమ్ దశలో ఉంది

ప్లాస్టినేషన్‌లో, అంటే నిజమైన అవయవంలోని నీటి స్థానంలో అసిటోన్‌ను, ఆపై సిలికాన్‌ను నింపి చెడకుండా భద్రపరిచే పద్ధతిలో, అసిటోన్‌లో ఉన్నంతవరకు ఆకారం చెడని గుండె, సిలికాన్‌లో ముంచి వాక్యూమ్ పంపును తొలి రోజే పూర్తి స్థాయిలో నడిపిన తరువాత ముడుచుకుపోయిందని మీరు రాశారు. పీడనాన్ని మరీ వేగంగా తగ్గించడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

1977లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త గుంతర్ వాన్ హేగెన్స్ హైడెల్‌బర్గ్‌లో రూపొందించిన ఈ పద్ధతికి ఆయువుపట్టు, కణజాలంలోని అసిటోన్ బుడగలుగా వెలువడుతుంటే ఆ ఖాళీలోకి సిలికాన్ చేరడమే. సిలికాన్ చిక్కని ద్రవం, పైగా మైనస్ 25 డిగ్రీల చలిలో మరింత నెమ్మదిస్తుంది కనుక, అసిటోన్ దానికంటే వేగంగా వెళ్లిపోతే గుండె గోడలు లోపలికి కుంగుతాయి. గుండె పై గదులైన కర్ణికల పలుచని గోడలు ముందుగా దెబ్బతింటాయి.

ఈసారి నమూనాను వాక్యూమ్ లేకుండా ఒక రోజు సిలికాన్‌లోనే ఉంచి, ఆపై కొన్ని వారాల వ్యవధిలో పీడనాన్ని అంచెలంచెలుగా తగ్గించండి. పీడనం చూపే మీటరు కంటే బుడగలనే ఎక్కువగా నమ్మాలి. అవి నిదానంగా, తెరిపి లేకుండా వస్తున్నంతకాలం అంతా సవ్యంగా ఉన్నట్టే. నురగ కట్టేంత ఉధృతమైతే వాల్వు కొద్దిగా తెరిచి గాలిని లోనికి వదలాలి.

చివరి అసిటోన్ స్నానపు స్వచ్ఛతను కూడా ఒకసారి సరిచూసుకోండి. నమూనా అందులో కొన్ని రోజులు నానిన తరువాత కూడా అది 99 శాతానికి తగ్గకూడదు, ఎందుకంటే మిగిలిన నీరు ఆ చలిలో అసిటోన్‌లా ఆవిరి కాక సిలికాన్‌కు అడ్డుపడుతుంది. పంపు నుంచి వెలువడే అసిటోన్ ఆవిరి సులువుగా అంటుకుంటుంది కాబట్టి దాన్ని గొట్టం ద్వారా ఆరుబయటికి పంపడం తప్పనిసరి.

ముడుచుకున్న నమూనాను ఇంకా గట్టిపరచకపోతే, వాక్యూమ్ ఆపి కొన్ని రోజులు సిలికాన్‌లోనే వదిలి చూడవచ్చు గాని, పూర్వపు ఆకారం పూర్తిగా వస్తుందని ఆశించవద్దు.