అమ్మ కట్టింది, భార్యకు తెలియదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లయి అయిదేళ్లయింది, ఒక పాప. మూడేళ్ల కిందట రాత్రిళ్లు నిద్ర పట్టక అడల్ట్ సైట్లు చూడడం మొదలుపెట్టాను. ముందు ఉచితంగా దొరికేవే చూసేవాణ్ని. తర్వాత లైవ్ చాట్‌లో టోకెన్లు కొనడం అలవాటైంది. ఏడాదిగా ఒకే అమ్మాయితో ప్రైవేట్ చాట్. ‘ఇవాళ నీరసంగా ఉన్నారేం’ అని అడుగుతుంది. ఆ మాట కోసమే మళ్లీ టోకెన్లు కొంటాను. రెండుసార్లు క్రెడిట్ కార్డు బాకీ అమ్మ కట్టింది. షేర్లలో పోయాయని చెప్పాను. ఇప్పుడు మూడోసారి, ఎనిమిది నెలల జీతమంత అప్పు ఉంది. అమ్మను అడగడానికి మొహం చెల్లడం లేదు. భార్యకు తెలిస్తే కాపురం ఉండదు. ఆమెకు తెలియకుండా ఇది తీర్చే దారి చెప్పండి. అసలు ఇది జబ్బేనా?

జవాబు: తెలియకుండా తీర్చే దారి నేను చెప్పను. ఇప్పటికి రెండుసార్లు ఆ దారిలోనే తీర్చారు కదా. తీర్చి ఎక్కడికొచ్చారో మీరే రాశారు.

మీ ఉత్తరం ఇక్కడ వేసినదానికి నాలుగింతలుంది. అందులో అమ్మ పేరాపేరాకీ ఉంది. ఆ సైట్లోని అమ్మాయి మీద ఒక పేజీ ఉంది. మీ భార్య రెండే రెండు చోట్ల కనిపించింది, రెండు చోట్లా పక్కనే ‘తెలియకూడదు’ అన్న మాట. ఆవిడ ఎలాంటి మనిషో, మీతో ఏం మాట్లాడుతుందో, పాపతో రోజంతా ఎలా నెట్టుకొస్తోందో ఒక్క ముక్క లేదు.

మీరు జబ్బు గురించి, డబ్బు గురించి అడిగారు. నాకు మాత్రం మీ అమ్మగారి దగ్గర ఆగాలనిపిస్తోంది. చిన్నప్పుడు స్కూలు ఫీజు డబ్బులు పోగొట్టుకుంటే నాన్నకు తెలియకుండా అమ్మ కట్టేసిందని ముచ్చటగా రాశారు, ఆవిడ మంచితనానికి ఉదాహరణగా. అప్పుడు నాన్నకు తెలియకూడదు, ఇప్పుడు భార్యకు తెలియకూడదు. కట్టేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ అమ్మే. షేర్లలో పోయిందంటే ఏ షేర్లు, ఎప్పుడు కొన్నావు, ఎవరు కొనమన్నారు అని ఆవిడ ఒక్క ప్రశ్నా వేయలేదట. అంత పెద్ద మొత్తం తీసి ఇస్తూ ఏమీ అడగలేదంటే, అడిగితే ఏం వినాల్సొస్తుందోనన్న భయం ఆవిడకూ ఉండి ఉంటుంది.

నేనూ కొడుకును పెంచినదాన్నే. బిడ్డ తప్పు కొంగుచాటున దాచడంలో తల్లికి ఎంత తృప్తి ఉంటుందో నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, పెళ్లయిన కొడుకు అప్పు కోడలికి తెలియకుండా కట్టడం ఆ కోడలికి చేసిన అన్యాయం. అదే ఇంట్లో, అదే జీతం మీద బతుకుతున్న మనిషిని లెక్కలోంచి తీసేశారు మీరిద్దరూ. ఎనిమిది నెలల జీతం మీదొక్కరిదే అనుకుంటున్నారా?

ఇక ఆ చాట్ సంగతి. ఆ అమ్మాయిని తిట్టడం నాకిష్టం లేదు, అది ఆమె బతుకుతెరువు. అసలు మీతో మాట్లాడుతున్నది ఆమేనన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. ఇలాంటి సైట్లలో ఆడవాళ్ల పేరుతో మెసేజీలు కొట్టడానికి జీతగాళ్లను పెట్టుకునే ఏజెన్సీలు ఉన్నాయి. మీ నీరసం గురించి అడిగింది షిఫ్టులో కూర్చున్న ఏ కుర్రాడో కూడా కావచ్చు. టీవీలో కనిపించే మనిషిని సొంత మనిషిగా అనుకునే ఏకపక్షపు చనువు గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. అప్పట్లో టీవీ తిరిగి పలకరించేది కాదు. ఇప్పుడు పలకరిస్తుంది, మీటరు తిరుగుతూ ఉంటుంది.

టోకెన్ల కిటుకు కూడా తెలుసుకోండి. చేతిలోంచి నోటు తీసి ఇస్తుంటే మనసు చివుక్కుమంటుంది. దాన్ని ముందే టోకెన్లుగా మార్చేసి, కార్డు నంబరు సైట్లో దాచిపెట్టేస్తే ఆ చివుక్కు ఉండదు. పైగా ఏ రాత్రి ఆ తీపి మాట పడుతుందో, ఏ రాత్రి పడదో తెలియదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1950ల్లో పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే: ఎన్ని పొడుపులకు గింజ రాలుతుందో తెలియకపోతే పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. మీరు ఇందులో పడింది బుద్ధిలేక కాదు. ఎవరైనా పడేలాగే దాన్ని కట్టారు. అయినా అప్పు మాత్రం మీదే, సైటుది కాదు.

జబ్బేనా అన్నారు. కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ఒక రుగ్మతగా చేర్చింది. మద్యం, జూదం లాంటి వ్యసనాల వరసలో కాక, ఉద్రేకాన్ని అదుపు చేసుకోలేని రుగ్మతల్లో పెట్టింది. అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన పట్టికలో ఇలాంటిదే చేర్చాలన్న ప్రతిపాదన ఆమోదం పొందలేదు. పేరు మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదన్నమాట. డాక్టరు చూసేది ఏమిటంటే, ఆరు నెలలు గానీ అంతకన్నా ఎక్కువ కాలం గానీ అదుపు తప్పి ఉందా, ఆపాలని చూసి ఆపలేకపోయారా, ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం దెబ్బతింటున్నాయా అని. చూసినందుకు సిగ్గేసినంత మాత్రాన జబ్బు కాదని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీది సిగ్గు దగ్గర ఆగలేదు.

మానసిక వైద్యుల దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో ఈ వారమే వెళ్లండి. నిద్ర పట్టడం లేదని చెప్పి మాత్రలు రాయించుకుని వచ్చేయకండి, చాలామంది చేసే పని అదే. మొదటి వాక్యంలోనే ‘అడల్ట్ చాట్ మీద ఎనిమిది నెలల జీతం పోగొట్టాను’ అనండి. వాళ్లు ఇంతకన్నా చాలా విన్నారు. వాడుతున్న మందులన్నీ చూపించండి. పార్కిన్సన్‌కు, కాళ్లు నిలవనివ్వని జబ్బుకు ఇచ్చే కొన్ని డోపమైన్ మందులు, మానసిక చికిత్సలో వాడే అరిపిప్రజోల్ కొందరిలో ఇలాంటి ఖర్చుల్నీ కోరికల్నీ పెంచుతాయి. అలాంటిదేదైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి. నిద్ర అక్కర్లేనంత హుషారు, ఆ రోజుల్లోనే విపరీతమైన ఖర్చు కనిపిస్తే, అతి హుషారూ దిగులూ మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బు కూడా కావచ్చు, అదీ చెప్పండి. ఆలోచనా విధానాన్ని సరిదిద్దే సీబీటీ లాంటి చికిత్సలు ఉన్నాయి. ఏ రాత్రి, ఏం జరిగాక చెయ్యి ఫోన్ మీదికి వెళ్తోందో పట్టుకోవడంతో అది మొదలవుతుంది.

ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా కనిపిస్తోంది. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిన మనిషి వారం ఆగకూడదు. ఇవాళే ఆస్పత్రికి వెళ్లండి, ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఆ వాక్యాన్ని నాకు రాసినట్టే డాక్టరుకీ చెప్పండి, ఈసారి కొట్టేయకుండా. మిగతాదంతా దాని తర్వాతే.

భార్యకు చెప్పడం గురించి. ముందు అమ్మకు ఫోన్ చేసి షేర్లు అబద్ధమని చెప్పండి. దేనికి పోయిందో ఒక్క మాటలో చెప్పండి, వివరాలు అక్కర్లేదు. ఆవిడ వెంటనే ‘ఎంత కావాలి నాన్నా’ అంటుంది. వద్దనండి. ఆ ఒక్క ‘వద్దు’ అనగలిగితే సగం వైద్యం జరిగినట్టేనని నా నమ్మకం. తర్వాత పాప నిద్రపోయాక భార్య దగ్గర కూర్చుని మొత్తం ఒకేసారి చెప్పండి. ఇవాళ కొంత, పట్టుబడ్డాక ఇంకొంత అని విడతలుగా చెబితే ఆవిడ మీ మాట మరెప్పుడూ నమ్మదు. ఏం చూశారో వర్ణించకండి, ఎంత పోయిందో దాచకండి. క్షమించమని ఆ రాత్రే పట్టుబట్టకండి. ఆవిడకు కోపం వస్తుంది, రావాలి కూడా. పుట్టింటికి వెళ్తానంటే వెళ్లనివ్వండి. కాపురం నిలుస్తుందని నేను మాటివ్వలేను. కానీ మిమ్మల్ని ‘ఏమైంది’ అని డబ్బు తీసుకోకుండా అడగగలిగిన మనిషి ఇంట్లోనే ఉంటే, ఆవిడకు అడిగే వీలే మీరివ్వలేదు. ఆవిడను మాత్రం మీ ఫోన్‌కు కాపలా పోలీసును చేయకండి, ఆ పని కూడా ఆవిడ నెత్తిన పెట్టడం అన్యాయం.

సైట్లో దాచిన కార్డు తీసేయండి. యాప్ తీసేసినంత మాత్రాన నెలవారీ చందా ఆగదు, దాన్ని విడిగా రద్దు చేయాలి. ఆన్‌లైన్ ఖర్చుకు పరిమితి పెట్టమని బ్యాంకును అడగండి. వాయిదాల కోసం అప్పిచ్చినవాళ్లతో మీరే మాట్లాడండి, కొత్త అప్పుతో పాతది తీర్చకండి. మీ చాట్‌లు గానీ వీడియోలు గానీ బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే ఒక్క పైసా కట్టకుండా, ఆ మెసేజీలు చెరపకుండా పోలీసులకు ఇవ్వండి.

భార్యకు చూపించడానికి బాకీలన్నీ ఒక కాగితం మీద రాస్తారు కదా, ఎవరికి ఎంత అని. అందులో అమ్మ రెండుసార్లు కట్టిన మొత్తాలు కూడా, అమ్మ పేరుతో సహా, రాయండి.