చదివింది నలుగురితో చెప్పుకోవాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నవలలు బాగానే చదువుతాను. చదువుతున్నంతసేపూ లోకం తెలియదు. కానీ పదిహేను రోజులు పోయాక ఎవరైనా అడిగితే "చాలా బాగుంది, మీరూ చదవండి" అనడం తప్ప నోట మాట రాదు. నా జ్ఞాపకశక్తిలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపం ఏమీ లేదండీ. చివరి పుట తిప్పి, పుస్తకం మూసి, వెంటనే ఇంకోటి అందుకుంటే ఎవరి పరిస్థితైనా ఇంతే. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరసలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత నిలుస్తుందో కొలిచి 1885లో ప్రచురించాడు. గంటయ్యేసరికి సగానికి పైగా జారిపోయింది. రోజు గడిచాక మిగిలింది మూడో వంతు. నవలకు అర్థం ఉంటుంది, మనుషులు ఉంటారు కాబట్టి అంత తొందరగా పోదు. కానీ పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే పోతుందన్నది దానికీ వర్తిస్తుంది.

మళ్లీ చదివితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలిచ్చి ఈ సంగతే పరీక్షించారు. కొందరు నాలుగు విడతలూ చదివారు. కొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ వ్యాసం చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది: చదివినవాళ్లు 40 శాతం చెప్పగలిగితే, రాసినవాళ్లు 61 శాతం చెప్పారు.

అంటే మీరు చేయాల్సింది ఇంకోసారి చదవడం కాదు, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం. అధ్యాయం అయిపోగానే వేలు లోపల పెట్టుకుని, చూడకుండా రెండు మూడు వాక్యాలు రాయండి. ఏం జరిగింది, ఎవరిలో ఏం మారింది, మీకు ఏ సందేహం మిగిలింది అన్నవి చాలు. మూడు నిమిషాల పని. పుస్తకం పూర్తయిన రోజునో మర్నాడో అర పుట రాయండి. వారం తర్వాత ఆ నోట్‌బుక్ కూడా తెరవకుండా ఎవరో ఒకరికి ఐదు నిమిషాలు ఆ పుస్తకం గురించి చెప్పండి. తడబడిన చోటల్లా ఆ తర్వాత పుస్తకంలో వెతుక్కోండి. అలా వెతికి పట్టుకున్నది ఇక ఓ పట్టాన పోదు.

నచ్చిన పేరాలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకునే అలవాటు వల్ల మాత్రం పెద్దగా ఉపయోగం ఉండదు. చేయి పనిచేస్తుంది, బుర్ర పనిచేయదు. ఎక్కించాలనిపిస్తే ఒక్క వాక్యం ఎక్కించి, అది ఎందుకు ఆపిందో కింద మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

రాసేటప్పుడు ఒక్కటే నియమం: అభిప్రాయాన్ని పుస్తకంలోని ఒక చోటికి ముడిపెట్టాలి. "తండ్రీకొడుకుల అనుబంధాన్ని హృద్యంగా చిత్రించారు" అని రాసుకుంటే నెల తర్వాత అది మీకే ఏమీ చెప్పదు. అదే ఇలా రాశారనుకోండి: "పదో అధ్యాయం. తండ్రి వెళ్లిపోతున్నాడు. కొడుకు పెట్టె మోశాడు, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకో రచయిత చెప్పలేదు. నాకు కొడుకు మీద కోపం వచ్చింది. రెండు పుటల తర్వాత తండ్రి మీదికి మళ్లింది." ఇది చదవగానే దృశ్యం తిరిగొస్తుంది. ఎవరైనా అడిగినప్పుడు మీ దగ్గర చెప్పడానికి ఒక సంగతి ఉంటుంది, అవతలివాళ్లకు అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది.

పుట సంఖ్య ఒక్కటే రాస్తే చాలదు. ముద్రణ మారితే పుటలు మారతాయి. ఈ-పుస్తకంలో అక్షరాల సైజు పెంచితేనే మారిపోవచ్చు. అధ్యాయం సంఖ్య, ఆ పేరాలోని మొదటి నాలుగు మాటలు కూడా రాసుకుంటే ఏ ప్రతిలోనైనా దొరుకుతుంది.

ప్రశ్న: పుస్తకం మీద గీతలు గీయడం పాపమని మా ఇంట్లో అంటారు. గీయకపోతే నాకు చదివినట్టు ఉండదు. ఏం చేయాలి?

జవాబు: సొంత పుస్తకమైతే నిరభ్యంతరంగా గీయండి, పెన్సిల్‌తో. హెచ్‌బీ లేదా 2బీ పెన్సిల్ మెత్తగా నడుస్తుంది, రబ్బరుతో పోతుంది. 4హెచ్ లాంటి గట్టి పెన్సిళ్లు కాగితం మీద గాడి పెడతాయి. సీసం చెరిపినా గాడి పోదు. హైలైటర్ సిరా పలచటి కాగితంలో వెనక పుటకు దిగుతుంది, కొన్నేళ్లకు రంగు వెలిసిపోతుంది. అంటించే చీటీలు వదిలేస్తే జిగురు మిగులుతుంది. పాత పుస్తకాల్లో వాటిని తీసేటప్పుడు కాగితపు పైపొర కూడా లేచి రావచ్చు.

వాక్యాల కింద గీసుకుంటూ పోతే అరగంటకు పుటంతా గీతలే అవుతుంది, ఏది ముఖ్యమో తెలియదు. దానికన్నా మార్జిన్‌లో ఒక నిలువు గీత, పక్కన ఒక గుర్తు మేలు. ఒప్పుకోలేకపోతే ఇంటూ, అర్థంకాకపోతే ప్రశ్నార్థకం, ముందు వచ్చిన సంగతి మళ్లీ వస్తే ఆ పాత పుట సంఖ్య. చివరి అట్ట లోపలి ఖాళీ పుటలో మీదైన విషయసూచిక కట్టుకోండి: "ఉత్తరాలు 14, 88, 203", "అబద్ధాలు 41, 97". నవల పూర్తయ్యేసరికి మీరు దాన్ని ఎలా చదివారో ఆ ఒక్క పుట చెబుతుంది.

అరువు పుస్తకమైతే ఒక్క గీత కూడా వద్దు. బుక్‌మార్క్‌గా పెట్టుకున్న పొడవాటి చీటీ మీదే పుట సంఖ్యలతో రాసుకోండి. తిరిగిచ్చేటప్పుడు చీటీ మీ దగ్గర ఉంటుంది.

ప్రశ్న: ఎనిమిదిమంది మిత్రులం నెలకో పుస్తకం చదివి మాట్లాడుకుందామనుకున్నాం. మొదటిసారి ఇద్దరే మాట్లాడారు. రెండోసారి సగంమంది చదవకుండా వచ్చారు, అరగంటకే సొంత కబుర్లలో పడ్డాం. ఎలా నడపాలి?

జవాబు: ఎనిమిదిమంది సరైన సంఖ్య. నలుగురికి తగ్గితే ఒకరు రాకపోయినా కూర్పు దెబ్బతింటుంది. పన్నెండుమంది దాటితే వినేవాళ్లు, మాట్లాడేవాళ్లు అని రెండు జట్లవుతారు.

చదవకుండా రావడానికి సోమరితనం కన్నా పుస్తకం ఎంపికే ఎక్కువసార్లు కారణం. గంటకు 30 పుటలు చదివే మనిషి రోజుకు అరగంట కూర్చుంటే నెలకు 450 పుటలని కాగితం మీద లెక్క తేలుతుంది. కానీ సగం రోజులు ఏదో ఒక అడ్డంకి వస్తుంది. కాబట్టి 200 నుంచి 250 పుటల పుస్తకం పెట్టుకోండి. పెద్ద నవల చదవాలని ఉంటే రెండు నెలలకు పంచి, మొదటిసారి ఏ అధ్యాయం దగ్గర ఆగాలో ముందే నిర్ణయించండి. రాబోయే రెండు పుస్తకాలూ ఒకేసారి ప్రకటిస్తే ప్రతులు సంపాదించుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఓట్లు వేసుకుని ఎంచుకోవద్దు. అందరికీ పేరు తెలిసిన పుస్తకమే ప్రతిసారీ గెలుస్తుంది. వంతులవారీగా ఒక్కొక్కరు ఎంచితే ఎవరూ ఊహించని పుస్తకాలు వస్తాయి. కలిసి చదవడంలో సగం ఆనందం అదే.

ఇక మాట్లాడటం. మొత్తం గంటన్నర చాలు. మొదటి ఇరవై నిమిషాలు ఒక్కొక్కరూ తమను ఆపిన చోటు తెరిచి, ఐదారు పంక్తులు పైకి చదివి, అదే ఎందుకో చెప్పాలి. మనిషికి రెండు నిమిషాలు, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. మొహమాటస్తులకు చేతిలో చదవడానికి పంక్తులుంటాయి కాబట్టి గొంతు పెగులుతుంది. మాటకారులకు గడియారం అడ్డుపడుతుంది. పుస్తకం సగమే చదివినవాళ్లకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ రచయితను బాగా ఎరిగిన మనిషి ఆఖరున మాట్లాడాలి. ముందే మాట్లాడితే మిగతావాళ్లు ఆ అభిప్రాయం చుట్టూనే తిరుగుతారు.

తర్వాతి గంటకు మూడు ప్రశ్నలు సరిపోతాయి. "పుస్తకం నచ్చిందా?" అన్నది వద్దు. అవునూ కాదూ అని రెండు పక్షాలుగా చీలి, ఎవరి మాట మీద వాళ్లు నిలబడిపోతారు. జనాన్ని మళ్లీ పుటల్లోకి పంపే ప్రశ్న కావాలి. "చివర్లో ఆమె తీసుకున్న నిర్ణయానికి మొదటి సూచన ఎక్కడ కనిపించింది?" "ఇదే కథ చెల్లెలు చెప్పి ఉంటే మనకు ఏయే సంగతులు తెలిసేవి కావు?" "ఏ అధ్యాయం తీసేస్తే నవల నిలబడదు?" ఇలాంటివి అడిగితే అందరి చేతుల్లోనూ పుటలు తిరుగుతాయి. ప్రశ్న వేశాక పది పదిహేను సెకన్ల నిశ్శబ్దాన్ని భరించండి. నడిపేవాళ్లు ఖంగారుపడి తామే జవాబు చెప్పేయడం వల్లే చాలా సంభాషణలు ఆదిలోనే ఆగిపోతాయి.

సొంత జీవితం కబుర్లను నిషేధించక్కర్లేదు. పుస్తకం మనలో కదిపినవి చెప్పుకోవడానికే కదా కూర్చుంది. మాట బాగా పక్కకు పోయినప్పుడు "ఇది మీకు పుస్తకంలో ఏ చోట గుర్తొచ్చింది?" అని అడగండి. ఎవరి మనసూ నొప్పించకుండా వెనక్కి తీసుకొస్తుందీ ప్రశ్న.

ప్రశ్న: సమీక్షలు రాస్తున్నాను. కథంతా చెప్పేస్తున్నానని కొందరు, ఏమీ చెప్పడంలేదని కొందరు అంటున్నారు.

జవాబు: ఇద్దరూ ఒకే లోపాన్ని చెబుతున్నారు: కథ ఎక్కువ, మీరు తక్కువ. 500 మాటల సమీక్షలో కథకు 120 మించి ఇవ్వకండి. అదీ పుస్తకంలో మొదటి మూడో వంతులో తెలిసేదే చెప్పండి. మిగతా చోటంతా ఈ పుస్తకం ఏం చేయబోయింది, ఎలా చేసింది, ఎక్కడ చేయలేకపోయింది అన్నవాటికి.

ముగింపు ముందే తెలిస్తే ఆనందం పోతుందా అన్నది తేలని సంగతి. 2011లో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 12 చిన్న కథలతో చేసిన ప్రయోగంలో, మలుపు ముందే తెలిసిన పాఠకులే కథలను కాస్త ఎక్కువ ఇష్టపడ్డారు. తర్వాతి ప్రయోగాల్లో దీనికి ఎదురు ఫలితాలూ వచ్చాయి. ఏదేమైనా తెలుసుకోవాలా వద్దా అన్నది చదవబోయేవాళ్ల హక్కు, దాన్ని మీరు వాడుకోకూడదు. ముగింపు గురించి మాట్లాడక తప్పకపోతే, ఆ పేరాకు ముందు ఒక వాక్యంలో హెచ్చరించండి.

"శైలి సరళంగా, ఆకట్టుకునేలా ఉంది" లాంటి వాక్యం ఏ పుస్తకానికైనా అతుకుతుంది. ఏ పుస్తకానికైనా అతికే వాక్యాన్ని కొట్టేయండి. దాని బదులు: "వాక్యాలు పొట్టివి. కోర్టు దృశ్యంలో అవి ఊపిరాడనివ్వవు. కానీ ఇద్దరు ముసలివాళ్లు పాత రోజులు తలుచుకునే అధ్యాయంలోనూ అదే తొందర ఉండటంతో ఆ సంభాషణ తేలిపోయింది." ఇందులో మెచ్చుకోలు ఉంది, అసంతృప్తి ఉంది, రెండింటికీ కారణం ఉంది. రచయితకు కూడా పనికొస్తుంది.

పుస్తకం నుంచి పంక్తులు ఉదహరించవచ్చు. ప్రయోజనానికి తగినంత మేరకే, రచయిత పేరు, మూలం చెబుతూ ఉదహరించడాన్ని రచనా హక్కులకు సంబంధించిన బెర్న్ ఒప్పందం 10వ అధికరణం అనుమతిస్తుంది. రెండు మూడు పంక్తులు ఉదహరించి, వాటి గురించి మీరు నాలుగు మాటలు చెప్పండి. ఊరికే పుటలకు పుటలు ఎత్తి రాయడం సమీక్ష కాదు.

ప్రశ్న: మొదలుపెట్టిన పుస్తకం మధ్యలో వదిలేస్తే తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

జవాబు: తప్పేమీ కాదు. 50 పుటలు చదివి, ఎందుకు సాగడంలేదో ఆలోచించండి. పాత్రల పేర్లు కలిసిపోతుంటే ఒక చీటీ మీద పేరు, బంధుత్వం రాసుకుని ఇంకో 20 పుటలు చూడండి. చాలా పెద్ద నవలలకు ఇదే మందు. అనువాదం కొరుకుడు పడకపోతే వేరే అనువాదం వెతకండి. ఇవేవీ కాకపోతే, ఆగిన చోట ఒక్క వాక్యంలో కారణం రాసి మూసేయండి. ఐదేళ్ల తర్వాత ఆ కారణం మీకు చెల్లకపోవచ్చు, అప్పుడు మళ్లీ తెరవవచ్చు.

ప్రశ్న: నాకు ప్రాణంలాంటి నవలను మా స్నేహితురాలు "చెత్త" అనేసింది. మాటామాటా పెరిగింది. పుస్తకాల గురించి మాట్లాడటమే మానేద్దామా?

జవాబు: మానొద్దండీ. అంత గట్టిగా స్పందించే స్నేహితురాలు దొరకడం అదృష్టం. "పుస్తకంలో ఉన్నది ఇది", "అది నాకు ఇలా తగిలింది", "పుస్తకం మంచిది లేదా చెడ్డది": ఈ మూడూ వేరు వేరు మాటలు. గొడవ వచ్చిందంటే ఇద్దరూ మూడో మాట దగ్గరే మొదలుపెట్టారన్నమాట. మొదటి దానికి వెళ్లండి. "నీకు ఎక్కడ చిరాకు మొదలైంది?" అని అడిగి, ఆ చోటు ఇద్దరూ కలిసి పైకి చదవండి. చాలాసార్లు ఒకరు గమనించిన ఒక మాటను రెండోవాళ్లు దాటేసి ఉంటారు. ఒక్కోసారి ఆ చిరాకు పూర్తిగా న్యాయమైనదే అని మీకూ అనిపిస్తుంది. అయినా నవల మీద మీ ప్రేమ తగ్గనక్కర్లేదు. లోపాలు తెలిసి ప్రేమించిన పుస్తకం గురించే ఎక్కువసేపు మాట్లాడగలం.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. బాగా చదువుతుంది. ఏం చదివావో చెప్పమంటే మాత్రం మాట్లాడదు.

జవాబు: "కథ చెప్పు", "నీతి ఏమిటి" అన్నవి పిల్లల చెవికి పరీక్షలా వినిపిస్తాయి. తను చదివిన పుస్తకం మీరూ చదవండి. రెండు మూడు రోజులు ఏమీ అడగకండి. తర్వాత మీకు నిజంగా అర్థంకాని చోటు ఒకటి చూపించి, "వీడు తలుపు తీయకుండా ఎందుకు వెళ్లిపోయాడు? నాకు తట్టలేదు" అనండి. జవాబు తెలిసి అడిగితే పసిగట్టేస్తారు కాబట్టి నిజంగా తెలియనిదే అడగాలి. తను చెప్పింది మీకు తప్పనిపించినా సరిదిద్దకండి. "ఏ మాట చూసి అలా అనుకున్నావు?" అంటే చాలు, పుస్తకం తెచ్చి తనే చూపిస్తుంది.